వేలిముద్ర సరిపోలలేదు

పాటరీ టౌన్‌లో ఆదివారం ఏడున్నరకి
కుక్కలూ, పాలవాడూ, నేనూ.
చౌడప్ప గేటు తీయడు, దాటి రమ్మంటాడు.
నిన్నటి ప్రమిదలన్నీ
దానికి ఆనించే ఆరబెట్టాడు.

మొదటి వారం సారె ముట్టుకోనివ్వలేదు.
మన్ను పిసకమన్నాడు.
పూరీ పిండిలా పిసికాను.
"తినేదానికి కాదమ్మయ్యా, గాలి పోయేదానికి"
అని ముద్దని తీగతో రెండుగా కోసి చూపించాడు.
లోపల ఆవగింజంత బుడగ.
"ఇది చాలు. ఆవంలో ఇదొక్కటే పేలి
పక్క కుండల్ని కూడా తీసకపోతాది."

నేను డయాగ్నస్టిక్ సెంటర్లో లెక్కలు రాస్తాను.
రూపాయి తేడా వస్తే రాత్రి తొమ్మిదిదాకా కూర్చుంటాను.
తప్పు ఎక్కడుందో వెతకడం తెలుసు,
చేత్తో ముట్టుకుంటే అది ఎలా ఉంటుందో
ఆ రోజే తెలిసింది.

రెండో వారం, మూడో వారం
ముద్దని సారె నడిమధ్యకి తేవాలి, అంతే.
అంతే అన్నది చౌడప్ప మాట.
నా చేతుల్లో అది
శివాజీనగర్ బస్సులో పట్టు దొరకని మనిషిలా
మలుపు మలుపుకీ ఒరిగింది.
"బలం వద్దు. బరువు పెట్టు.
మోచేయి తొడకి ఆనించి ఊరికే ఉండు.
మన్నే వచ్చి కుదురుకుంటాది."
ఊరికే ఉండటం నాకు చేతకాదని
మా ఇంట్లో అందరికీ తెలుసు.

నాలుగో వారం కుదిరింది.
ఎలా తెలుస్తుందంటే,
తిరుగుతున్నది ఆగిపోయినట్టు కనపడుతుంది.
బొటనవేళ్ళు దింపాను, తెరుచుకుంది.
గోడ లేపాను, లేచింది.
ఇంకొంచెం, అనుకున్నాను.
ఆ ఇంకొంచెంలోనే కూలింది.
"కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు.
నీకు గుదియ కూడా అక్కర్లే" అన్నాడు.

సోమవారం ఆఫీసు గుమ్మంలో యంత్రం
నా వేలు తీసుకోలేదు.
తుడిచి పెట్టాను. ఊది పెట్టాను.
ఎడమ చేతిది పెట్టాను.
సరిపోలలేదు, మళ్ళీ ప్రయత్నించండి,
అంది లోపలి ఆడగొంతు.
సగం రోజు జీతం కోత.
కుమ్మరి పురుగుకి మన్ను అంటదంటారు.
నాకు అంటింది,
పోతూ పోతూ నాది కొంత తీసుకుపోయింది.

తమాషాగానే చెప్పాను, వచ్చే ఆదివారం.
చౌడప్ప కుడిచెయ్యి నీళ్ళలో ముంచి
లుంగీకి తుడుచుకుని ఎండలో పెట్టాడు.
బొటనవేలు చింతగింజలా నున్నగా.
ఒక్క గీత లేదు.
"రేషన్ అంగడి మిషను నాలుగు నెల్లుగా
నన్ను గుర్తుపట్టలేదమ్మయ్యా.
కోడలు పోయి వేలు పెట్టి బియ్యం తెస్తాంది.
దాని వేలు బాగుండాది,
దానికి ఈ పని రాదు."

ఏమనాలో తెలీక
ఆరుతున్న ప్రమిద ఒకటి తిరగేశాను.
అడుగున, దారం కోసిన సుడి పక్కన,
బొటనవేలు ఆనిన పల్లం.
ఇంకోటి తీశాను. అక్కడా.
గేటు పొడుగునా రెండు వందలు,
అన్నిట్లో అదే చోట, అదే లోతున,
గీతల్లేని పల్లం.
ఈ ఊళ్ళో ఏ గడప మీద కనపడినా
ఇది చౌడప్పది అని చెప్పగలను ఇప్పుడు.
నాకు కరెంటు కూడా అక్కర్లేదు.

ఆరో వారం గిన్నె నిలబడింది.
ఒక పక్క మందం, ఒక పక్క పలచన,
మూతి కొంచెం అలిగినట్టు.
ఆరాక అడిగాడు,
"కాల్చేదా, నానేసేదా?
కాల్చినామంటే ఇంగ ఎప్పటికీ ఇట్లే ఉంటాది."

కాల్చమందామనే నోరు తెరిచాను.
పెన్నులు పెట్టుకోడానికి
బల్ల మీద చోటు కూడా చూసిపెట్టాను.

నానెయ్యమన్నాను.

తొట్టిలో వదిలితే
ఒక్క క్షణం గిన్నెలాగే ఉంది.
తర్వాత మెల్లగా బుసబుస,
సీసా మూత తీశాక సోడా చేసే చప్పుడంత.
మూతి ముందు విడిపోయింది, తర్వాత గోడ.
నా గీతలు ఏవైనా మిగిలుంటే అవీ
అతని కూలిన కుండల బురదలోకే.

"రేపు ఆఫీసుకి కార్డు తీసకపో" అన్నాడు చౌడప్ప
తొట్టి కలుపుతూ, మోచేతి దాకా.